రెండు చేతుల దండం

రిటైరైన సర్జన్ ఇంటికి కుర్ర సర్జన్లు రెండు పనుల మీద వస్తారు. ఒకటి పెళ్లిపత్రిక ఇవ్వడానికి. రెండోది, తమకు ముందే తెలిసిన జవాబును నా నోటితో అనిపించుకుని వెళ్లడానికి. ఈ రెండో రకం వాళ్లు అడిగేది ఒక్కటే. "సార్, తెగిన నరాన్ని దారంతో కుడితే మేలా, జిగురుతో అతికిస్తే మేలా?"

నా దగ్గర ఆ జవాబు ఉండాలి. ఎందుకంటే ఆ సంగతి తేల్చుకోవడానికే ప్రొద్దుటూరులో నేను చివరగా పనిచేసిన ఆస్పత్రిలో మేం పనిగట్టుకుని పోల్చి చూశాం. ఆస్పత్రి పేరు చెప్పను, మనుషుల పేర్లు అసలే చెప్పను. ఆ పోలిక ఎట్లా చెడిందో మాత్రం చెప్తాను. విన్నాక మీకు అడగాల్సిన ప్రశ్న వేరే ఉందనిపిస్తే సంతోషం. అనిపించకపోతే పెళ్లిపత్రిక అక్కడ బల్ల మీద పెట్టి వెళ్లండి.

డాక్టర్లు కానివాళ్లు కూడా ఇది చదవొచ్చు గనక ముందు నాలుగు మాటలు చెప్పాలి. మన జనం రక్తం పారేదాన్నీ నరమే అంటారు, తాకితే తెలిసేట్టు చేసేదాన్నీ నరమే అంటారు. నేను చెప్పేది రెండోదాని గురించి. అది కరెంటు కేబుల్ లాంటిది. పైన తొడుగు, లోపల సన్నటి తీగల కట్ట. మణికట్టు దగ్గర అది తెగితే బొటనవేలు, దాని పక్కన రెండు వేళ్లు మొద్దుబారిపోతాయి. బొటనవేలు మిగతా వేళ్లకు ఎదురుగా వచ్చి నిలబడదు. తెగిన రెండు కొసలనూ మైక్రోస్కోపు కింద ఎదురెదురుగా తెచ్చి, వెంట్రుక కంటే సన్నటి దారంతో తొడుగు చుట్టూ కుట్లు వేయడం పాత పద్ధతి. రెండు సిరంజిల్లోంచి రెండు ద్రవాలు ఒకచోట పడేట్టు చేస్తే, చూస్తుండగానే అవి జున్నులా గట్టిపడి కొసలను పట్టుకుంటాయి. అది జిగురు. గాయమైతే మన రక్తం గడ్డకట్టే పద్ధతినే అది అనుకరిస్తుంది. దారం గట్టిది, కానీ సూది గుచ్చిన ప్రతిచోటా నరానికి ఎంతో కొంత గాయం. జిగురుకు గుచ్చడం లేదు, పని తొందరగా అయిపోతుంది, కానీ మొదటి రోజుల్లో దాని పట్టు తక్కువ. ఏది వాడినా అది కొసలను ఎదురెదురుగా పట్టుకుని ఉండటం వరకే. ఆ తర్వాత నరం తనంతట తాను పెరగాలి. నెలకు ఒక అంగుళం పెరిగితే గొప్ప.

మా ఆస్పత్రిని నడిపే పెద్ద డాక్టరు వయసులో నాకంటే చిన్నవాడు, పదవిలో పెద్దవాడు. చెయ్యి మంచిది, మాట ఇంకా మంచిది. రోగి మంచం దగ్గర కంటే రోగి తాలూకు పెద్దమనుషుల దగ్గర ఎక్కువసేపు నిలబడతాడన్నది ఒక్కటే నాకు నచ్చేది కాదు. ఏదో సదస్సుకు వెళ్లొచ్చి జిగురు భజన మొదలుపెట్టాడు. నేను దారం మనిషిని. మైక్రోస్కోపు కింద కుట్టు వేయడం నేర్చుకోవడానికి నా కండ్లు, నా మెడ, నా పెళ్లాం ఓపిక మూడూ ధారపోసినవాణ్ని. రెండు సిరంజిలు నొక్కి చేతులు కడుక్కునే విద్యను నేను ఎందుకు ఒప్పుకుంటాను? థియేటర్ బయట టీ తాగుతూ రోజూ వాదించుకునేవాళ్లం. మా మత్తు డాక్టరమ్మ అది విని విని విసిగిపోయింది.

"ఈయనకు దారం, ఆయనకు జిగురు, నాకు మాత్రం రోజూ టిఫిన్ లేటు. ఎవరిది గొప్పో చేసి చూసి తేల్చుకోండి సార్, మా చెవులన్నా బాగుపడతాయి," అంది.

అట్లా మొదలైంది. మణికట్టు దగ్గర నరం శుభ్రంగా తెగి వచ్చినవాళ్లకు చీటీ తీస్తాం. చీటీలో ఏది వస్తే అది. తర్వాత అందరికీ ఒకటే జాగ్రత్త. మణికట్టు అరచేతి వైపు కొంచెం వంగి ఉండేట్టుగా, చేతి వెనకవైపు అరటిదొప్పలా పిండికట్టు పెడతాం. మూడు వారాలు అది కదలకూడదు. ఆ తర్వాత నెలనెలా రమ్మని నరం వెంట వేలితో తట్టి చూస్తాం. తట్టినచోట చీమలు పాకినట్టు జివ్వుమంటే నరం అక్కడిదాకా పెరిగిందని అర్థం. ఆ జివ్వుమనేది నెలనెలా వేళ్ల వైపు జరుగుతూ పోవాలి. అది ఎవరికి ముందు జరుగుతుంది, దారం వాళ్లకా, జిగురు వాళ్లకా? ఇదే మా పోలిక.

మా ప్రాంతంలో చేతులు తెగడానికి కొదవ లేదు. పులివెందుల అరటితోటల్లో గెలలు కోసే కత్తి జారి ఒకాయన వచ్చాడు. చీటీలో దారం వచ్చింది. నేను నా తృప్తికొద్దీ కుట్టాను. కొన్ని నెలల తర్వాత ఆయన నా ముందు కూర్చుని బత్తాయి తొక్క తీసి, తొనలు విడదీసి, సగం నాకిచ్చాడు. నేను ఆ సగాన్ని తింటూ పెద్ద డాక్టరు గదిలోకి వెళ్లాను. అది చిన్నతనమే, ఒప్పుకుంటాను. ఆ తర్వాత జమ్మలమడుగు నుంచి మగ్గం నేసే ఆమె వచ్చింది. అద్దం పగిలి చెయ్యి కోసుకుంది. చీటీలో జిగురు వచ్చింది. నేనే అతికించాను, మొహం మాడ్చుకునే అతికించాను. ఆమెకు జివ్వుమనేది చక్కగా ముందుకు జరుగుతూ పోయింది. ఒకరోజు కండ్లు మూసుకుని నా చేతిలోని పోగు పట్టుకుని, "ఇది పట్టు సార్, ఇది నూలు," అని విడివిడిగా చెప్పింది. జిగురు మీద నాకున్న కోపంలో సగం ఆ రోజే పోయింది. మిగతా సగం కూడా పోయేదే. అప్పుడే ఆ గొర్రెల కాపరి వచ్చాడు.

ఆయనది జమ్మలమడుగు పక్కన కొండల కింది పల్లె. నలభై దాటిన మనిషి, సన్నంగా, ఎండకు నల్లగా కాలిపోయి ఉన్నాడు. కేసీ కాలువ కింద వరికోతలు అయిపోగానే ఏటా మందను తోలుకుని చాపాడు వైపు దిగుతారు. పగలు కోసిన చేలల్లో మేత, రాత్రి ఎవరో ఒక రైతు పొలంలో మంద ఆపడం. పొలానికి ఎరువు, జీవాలకు చోటు. ఆ ఏడు మంద ఆగింది ఒక పెద్ద రైతు పొలంలో. ఆ చుట్టుపక్కల ఆ ఇంటి మాట దాటేవాళ్లు తక్కువ. ఆయన్ను అందరూ అన్న అంటారు, ఆయన కంటే పెద్దవాళ్లు కూడా. ఆ సంవత్సరం అన్న ఎన్నికల్లో నిలబడబోతున్నాడు.

గాలికి మోటారు షెడ్డు రేకు లేచింది. పట్టుకోమన్నారు, కాపరి పట్టుకున్నాడు. రేకు అంచు మణికట్టును కోసింది. పెండ్లాం కాఫీపొడి అద్ది, కొంగు చించి కట్టి, ఆటోలో తీసుకొచ్చింది. నేను బొటనవేలి మీద, పక్క వేళ్ల మీద సూదితో గుచ్చాను. ఆయన నా మొహమే చూస్తున్నాడు గానీ చెయ్యి చూడటం లేదు. గుచ్చినట్టే తెలియలేదు.

"ఏం పని చేస్తావు?"

"జీవాలు సార్."

"కుడిచేతి వాటమేనా?"

"కుడే సార్. ఈ చెయ్యి లేకుంటే నేను ల్యా." అడక్కుండా తనే చెప్పాడు. "గొర్రె ఈనేటప్పుడు పిల్ల అడ్డం తిరిగితే చెయ్యి పెట్టి సర్దాల సార్. లోపల కండ్లతో చూసేకి కాదు గదా. వేళ్లే చూడాల. యాది కాలు, యాది తల అని ఈ మూడు వేళ్లకే తెలిసేది. మా పక్క ఐదారు మందలోళ్లు నన్నే పిలుచుకోని పోతారు."

చీటీ తీశాం. జిగురు. జిగురుతో అతికిస్తామంటే కాపరి మొదటిసారి నవ్వాడు. "తుమ్మబంకనా సార్?" అన్నాడు. కాదు, దాని తాత అన్నాను.

థియేటర్లో చూస్తే నా అదృష్టానికి, ఆయన అదృష్టానికి, గాయం శుభ్రంగా ఉంది. మనిషికి పెద్దగా అక్కరలేని ఒక సన్నటి కండర తాడు, దాని కింద నరం తెగాయి. నరం కొసలు ఒకదాన్నొకటి వెతుక్కునే పని లేకుండా పక్కపక్కనే ఉన్నాయి. లాగాల్సిన పనే లేదు. జిగురుకు ఇంతకంటే మంచి నరం దొరకదు. అతికించి మైక్రోస్కోపు కింద చూసుకుంటే అతుకు ఎక్కడుందో నాకే కనిపించలేదు. మత్తు డాక్టరమ్మ కూడా వంగి చూసి, "సార్, పార్టీ మారినట్టున్నారే," అంది. అవును, ఆ పూట మారాను.

మూడు వారాలు చెయ్యి కదలకూడదు, ముఖ్యంగా మణికట్టు వెనక్కి వంగకూడదు, వంగితే అతుకు ఊడిపోతుంది అని నేను కాపరికి చెప్పాను. చెయ్యి చూపించి, వంచి చూపించి, రెండుసార్లు చెప్పాను. మందకాడ ఉంటే పని చెయ్యక మానడని వార్డులోనే ఉంచాను. అంత బుద్ధిమంతుడైన రోగిని నా సర్వీసులో చూడలేదు. పక్కకు తిరిగి పడుకోవచ్చా అని సిస్టర్‌ను అడిగేవాడు. చెయ్యి దురద పెడితే గీరుకోవచ్చా అని అడిగేవాడు. రోజూ పొద్దున నేను రౌండ్స్‌కు వెళ్లేసరికి ఆ చేతిని దిండు మీద పెట్టుకుని, దాన్నే కాపలా కాస్తున్నట్టు కూర్చుని ఉండేవాడు. ఇది గుర్తుపెట్టుకోండి. తర్వాత ఈ మనిషి గురించే ఏమన్నారో చెప్తాను.

రెండో వారం నడుస్తుండగా అన్న పరామర్శకు వచ్చాడు. తన పొలంలో దెబ్బ తగిలిన మనిషి, పైగా ఎన్నికలు. రావడంలో తప్పు లేదు. నేను ఆ పొద్దున ఒక పొడవాటి ఆపరేషన్‌లో ఉన్నాను. బయటికొచ్చి టోపీ తీస్తుంటే థియేటర్ తలుపు దగ్గర కాపరి పెండ్లాం నిలబడి ఉంది. ఆమె ఎప్పుడూ నాతో మాట్లాడేది కాదు, మొగుడి వెనక నిలబడి వినేది.

"సార్, ఆయప్ప చెయ్యి కట్టు ఇప్పినారు సార్," అంది.

"ఎవరు విప్పారు? ఎందుకు విప్పారు?"

ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "అన్న వచ్చినాడు సార్, శానా మంది వచ్చినారు. పెద్ద సారు ఎంట ఉండాడు. ఈయప్ప మంచం దిగి, ఎడమ చెయ్యి రొమ్ము మీద పెట్టుకోని వంగినాడు. అన్న ఏమీ అన్లా. అన్న పక్కనుండే మనిషి, 'ఏందప్పా, అన్నకు ఎడమచేత్తో దండం పెడతాండావే,' అన్యాడు. అందరూ నగినారు. ఈయప్పకు మొగం మాడిపాయ. పెద్ద సారు దిక్కు చూసినాడు. 'ఒక నిమిషం తీస్తే ఏం కాదులే, మళ్లా కట్టిస్తా,' అన్యాడు పెద్ద సారు. నేను వద్దు వద్దంటానే ఉండా సార్. యావురూ ఇన్లా. కట్టు ఇప్పినంక రెండు చేతులూ ఎత్తి నొసటికాడికి పెట్టి దండం పెట్టినాడు. పొటో సరిగా రాలేదంట, మల్లొకసారి పెట్టమన్యారు. మల్లా పెట్టినాడు."

ఇది చదివేవాళ్లు ఒకసారి పుస్తకం పక్కన పెట్టి రెండు చేతులు జోడించి చూడండి. మణికట్టు ఎటు వంగుతుందో చూడండి. నేను ఏ వంపు వద్దన్నానో, అచ్చం అదే వంపు. ఆ అతుకుకు ఇంతకంటే చేటు చేసే భంగిమ మనిషి ఒంట్లో ఇంకోటి లేదు.

"ఆయన ఏమన్నాడు?" అని అడిగాను.

"అన్న పోయినంక, నాకొక్కదానికే ఇనపడేట్ల, సుర్రుమన్యాది మే అన్యాడు సార్."

నేను వార్డులోకి వెళ్లేసరికి మళ్లీ కట్టు కట్టేశారు, మణికట్టును నిటారుగా పెట్టి. కాపరి ఎప్పటిలాగే దిండు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన యాపిల్ పండ్ల సంచి ఉంది. నాకు కోపం ఎక్కువ. ఆ రోజు అది ఎవరి మీదకు పోవాలో తెలియక ఆయన మీదకే పోయింది.

"నేనేం చెప్పాను నీకు?"

"ఎనక్కి వంచొద్దన్నారు సార్."

"మరి?"

"పెద్ద సారు ఏం కాదన్యాడు గదా సార్." తల దించుకున్నాడు. "మీలో యావురి మాట ఇనాల్నో నాకు యాడ తెల్సు."

పండ్ల సంచి తీసి కిటికీలో పెట్టి, కట్టు విప్పి, మణికట్టును మళ్లీ వంచి కట్టాను. అన్న అడగలేదని నాకు తర్వాత చాలామంది చెప్పారు. నిజమే, అడగలేదు. అడక్కుండానే అన్నీ జరిగిపోయే స్థితికి చేరడాన్నే మా దగ్గర పెద్దరికం అంటారు. చుట్టూ ఉండే నలుగురు ఆయన మనసులో ఏముందో ఊహించి పనులు జరిపిస్తుంటారు. ఆ నలుగురిలో మా పెద్ద డాక్టరు ఒకడు కావడమే నాకు కడుపుమంట.

నేరుగా ఆయన గదికి వెళ్లి, వెంటనే తెరిచి చూద్దాం, ఊడి ఉంటే మళ్లీ అతికిద్దాం, ఈసారి నేను కుడతాను అన్నాను. ఆయన కుర్చీలోంచి లేవకుండా, "ఊడిందని మీకెట్లా తెలుసు?" అన్నాడు. తెరిస్తే తెలుస్తుంది అన్నాను. "అన్న వచ్చిపోయిన రోజే మళ్లీ థియేటర్‌కు తీసుకుపోతే జనం ఏమనుకుంటారు? ఆగి చూద్దాం. తట్టి చూస్తాం కదా, తెలుస్తుంది కదా," అన్నాడు. చూడటానికి ఆ మాటలో సైన్స్ కూడా ఉంది. అదే నాకు ఎక్కువ మండింది.

ఆగి చూశాం. నెల తర్వాత వచ్చాడు, తట్టాను. మణికట్టు దగ్గర జివ్వుమంది. ఇంకో నెలకు వచ్చాడు. అక్కడే జివ్వుమంది. నేత ఆమెకు రెండో నెలకే అది అరచేతి సగానికి వచ్చింది. కాపరికి మాత్రం గాయం గీత దగ్గరే ఆగిపోయింది. అవతలి వైపు తడితే గోడను తట్టినట్టే. బొటనవేలి కింద ఉబ్బెత్తుగా ఉండే కండ చప్పబడటం మొదలైంది. ఇక అనుమానం లేదు. అయినా చెయ్యి పోయినట్టు కాదు. కాలి మడమ పక్కన ఒక సన్నటి నరం ఉంటుంది, అది తీస్తే పాదం అంచున కొంచెం తిమ్మిరి తప్ప మనిషికి నష్టం లేదు. దాన్ని తెచ్చి మధ్యలో వంతెనలా వేసి రెండు వైపులా కుట్టొచ్చు. కానీ ఆలస్యం చేస్తే కండరాలు చచ్చిపోతాయి. చెయ్యాలంటే అప్పుడే చెయ్యాలి.

ఇక్కడ వద్దంటే నాకు తెలిసిన వేరే ఊరి ఆస్పత్రికి తీసుకుపోయి నేనే చేస్తాను, నువ్వు బస్సెక్కు చాలు అని కాపరితో అన్నాను. ముందు సరేనన్నాడు. చెప్పిన రోజు రాలేదు. తర్వాతి వారం పెండ్లాంతో వచ్చాడు గానీ గదిలో కూర్చోలేదు.

"వద్దులే సార్," అన్నాడు.

"ఎవరు వద్దన్నారు?"

"యావురూ వద్దన్లా సార్. అన్న మనిషి మందకాడికి వచ్చినాడు. 'అన్న వచ్చి పలకరిచ్చినంక చెయ్యి చెడిపాయ అని ఊరంతా తిప్పుతాండావంట, అది మంచిదేనాప్పా?' అన్యాడు. అంతే సార్. ఇంగేం అన్లా."

"అంటే అన్నాడులే. చెయ్యి నీది కదా."

"చెయ్యి నాదే సార్. వచ్చే ఏడు మంద యాడ ఆపాల?"

పెండ్లాం అప్పుడు మాట్లాడింది. "సార్ చెప్పినట్ల ఇను. జీవాలు యాడో ఒకచోట బతుకుతాయి," అంది. ఆయన ఆమె మొహం చూడకుండా తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, ఎడమచెయ్యి కొంచెం ఎత్తి, ఏదో గుర్తొచ్చినట్టు దించేశాడు. ఇద్దరూ వెళ్లిపోయారు. నేను రెండుసార్లు మనిషిని పంపాను, ఒకసారి నేనే వెళ్లాను. మంద అప్పటికే రాజుపాలెం దాటి ఎటో పోయిందన్నారు.

పోలిక అయిపోయింది. దాన్ని సదస్సులో చదవడానికి పెద్ద డాక్టరు తయారు చేశాడు. తెర మీద ఒక్కొక్కటే చూపిస్తూ వచ్చి, చివర్లో, ఒక రోగిని లెక్కలోంచి తీసేశామన్నాడు. కారణం? "రోగి సూచనలు పాటించలేదు. కట్టు తానే తీసేసుకున్నాడు." ఆ ఒక్క మనిషిని తీసేశాక జిగురు దారం కంటే కొంచెం మెరుగ్గా తేలింది. హాల్లో చప్పట్లు కొట్టారు.

నేను లేచి నిలబడ్డాను. నా గొంతు పెద్దది, మైకు అక్కరలేదు. "ఆ రోగి మా ఆస్పత్రిలో అందరికంటే ఎక్కువ చెప్పినమాట విన్నాడు. ఆయన చెయ్యి పోవడానికి కారణమే అది," అన్నాను. వేదిక మీది పెద్దాయన చేతి గడియారం చూసుకుని, ప్రశ్నలకు సమయం అయిపోయింది, టీ విరామంలో మాట్లాడుకోవచ్చు అన్నాడు. టీ విరామంలో ఎవరూ నా దగ్గరికి రాలేదు. బిస్కెట్లు బాగున్నాయి.

తిరిగి వస్తూ కారులో మత్తు డాక్టరమ్మ నా పక్కనే కూర్చుంది. ఎర్రగుంట్ల దాటాక, "మీరన్నది నిజమే సార్. ఆ రోజు నేను వార్డులోనే ఉన్నా. కానీ నేను ఇంకా అక్కడ పనిచేయాలి," అంది. ఆమె మీద నాకు కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది, ఎందుకంటే దాని బదులు వచ్చింది నీరసం. ఆ కాపరి 'మంద యాడ ఆపాల' అన్నాడు, ఈమె 'అక్కడ పనిచేయాలి' అంది. చదువుకున్నా చదువుకోకపోయినా అందరం ఎవరో ఒకరి పొలంలో మంద ఆపుకుంటున్నవాళ్లమే అనిపించింది.

ఆ తర్వాత నేను అక్కడ ఎక్కువ కాలం లేను. పొమ్మని ఎవరూ అనలేదు. నా గదిలో ఫ్యాన్ పాడైతే బాగుచేయించలేదు, నా ఆపరేషన్లకు మైక్రోస్కోపు ఎప్పుడూ ఖాళీ లేకుండా పోయింది. కడప ఎండల్లో ఫ్యాన్ లేని గది కంటే స్పష్టమైన ఉత్తర్వు ఉండదు. వెళ్లేటప్పుడు శాలువా కప్పారు. పెద్ద డాక్టరు నా గురించి మంచిగా మాట్లాడాడు, నా కుట్టు అందమే వేరన్నాడు. ఆ శాలువా ఇప్పుడు మా కారు తుడవడానికి పనికొస్తోంది.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. దారమా, జిగురా? కాపరికి ఆ రోజు చీటీలో దారం వచ్చి ఉంటే రెండు దండాలను తట్టుకునేదా? తట్టుకునేదేమో. దారం మనిషిగా అట్లా అనుకోవడం నాకు సుఖంగా ఉంటుంది. చాలా రోజులు ఆ సుఖం కోసమే ఆలోచించాను, తర్వాత అసహ్యం వేసి మానేశాను. వార్డులో పెద్దమనిషి వచ్చినప్పుడు కట్టు విప్పినా ఆగేట్టుగా నరాన్ని కుట్టడం నా పని కాదు. కట్టు విప్పకుండా ఆపడం ఎవరి పనో వాళ్లు చెయ్యలేదు. మంచి నరం, మంచి చెయ్యి, మంచి అతుకు ఉన్నాయి. ఆ చెయ్యి మూడు వారాలు ఎవరికీ దండం పెట్టకుండా దిండు మీద పడుకునే వీలు లేదు, అంతే. మీరు నేర్చుకునే ఏ పద్ధతిలోనూ దీన్ని గురించి ఉండదు. మీ వార్డులో మీరే నేర్పాలి. కట్టు విప్పమన్నది మీ పైవాడైనా సరే, మంచానికి అడ్డం నిలబడాలి. అందుకు మీ గదిలో ఫ్యాన్ పోతుంది, పోనివ్వండి.

పోయిన ఏడు ఏదో పనిమీద జమ్మలమడుగు వెళ్తే జీవాల సంత జరుగుతోంది. కారు ముందుకు కదలక దిగి నిలబడ్డాను. గుంపులో ముందు ఆయన పెండ్లాం కనిపించింది. ఒక గొర్రె నడుము మీద చెయ్యి వేసి, వేళ్లతో నొక్కి చూసి బేరం చెప్తోంది. పక్కన తాడు పట్టుకుని ఆయన నిలబడి ఉన్నాడు. తాడు ఎడమచేతిలో ఉంది. కుడిచేతి చూపుడు వేలికి, నడిమి వేలికి బీడీ కాలిన మచ్చలు. కాలుతున్నది తెలియనివాళ్లకు వచ్చే మచ్చలవి. బొటనవేలి కింద కండ లేదు.

నన్ను గుర్తుపట్టాడు. తాడు పెండ్లానికి ఇచ్చేసి, రెండు చేతులూ జోడించి నొసటి దాకా ఎత్తాడు. నాకు ఒళ్లు మండింది.

"దించు ముందు," అన్నాను.

ఆయన దించలేదు, నవ్వాడు. "ఇప్పుడు వంచితే ఏం పోతాది సార్," అన్నాడు.

గొర్రెలు ఈనే కాలంలో మందలోళ్లు ఇంకా పిలుస్తున్నారా అని అడిగాను. పిలుస్తారు, పెండ్లాం పోతాది, ఆమె చెయ్యి బాగుండాది అన్నాడు. ఆ మాట గర్వంగానే అన్నాడు. ఈ ఏడు మంద ఎక్కడ ఆపుతున్నావని అడిగాను. అన్న ఆ పొలాన్ని ప్లాట్లు వేసి అమ్మేశాడు సార్ అన్నాడు. ఆయన చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. వాటి వైపు తనే ఒకసారి చూసుకున్నాడు.

"ఒగటే సార్ ఇచిత్రం. దండం పెడితే, కుడిచెయ్యి తగిలిందని ఎడమచేతికి తెలుస్తాది. కుడిచేతికి మాత్రం, దండం పెట్టిందే తెల్దు."